తల్లి లేని అలెస్సాండ్రో



ఏటా జూలై 6న పునీత మరియా గొరెట్టి పండుగ జరుపుకుంటాం. ఆమె కథ మీ ఇళ్ళలో తెలియనివారు ఉండరు. జ్ఞానోపదేశం బడిలో చెప్పారు, యువతుల సమావేశాల్లో చెప్పారు, కన్యాస్త్రీలు నడిపే హాస్టళ్ళ గోడలమీద ఆమె పటం ఉంది. చేతిలో లిల్లీ పూలు, పన్నెండేళ్ళు నిండని పసి ముఖం. అయితే ఆమె చరిత్ర చెప్పేటప్పుడు మనం ఒక మనిషిని గబగబా దాటిపోతాం. ఒక దుర్మార్గుడు ఆమెను పొడిచి చంపాడని అని, వెంటనే ఆమె క్షమాపణ దగ్గరికి వెళ్ళిపోతాం. ఆ దుర్మార్గుడి పేరు అలెస్సాండ్రో సెరెనెల్లి. అతడు 87 ఏళ్ళ వయసు దాకా బ్రతికాడు. ఈ వారం మీకు అతని జీవితం చెబుదామని కూర్చున్నాను.

అలెస్సాండ్రో 1882 జూన్ 2న ఇటలీ తూర్పు తీరాన, అంకోనా పట్టణం దగ్గరి పాతెర్నో అనే పల్లెలో పుట్టాడు. పేద రైతు కుటుంబం, ఇంటినిండా పిల్లలు. తండ్రి పేరు జొవాన్ని, తాగుడుకు అలవాటుపడ్డ మనిషి. తల్లికి మతి చెడింది. బిడ్డ పసివాడుగా ఉండగానే ఆమెను మానసిక రోగుల ఆస్పత్రిలో చేర్చారు, ఆమె అక్కడే కన్నుమూసింది. తల్లి ఒడి ఎలా ఉంటుందో ఆ పిల్లవాడికి జ్ఞాపకం కూడా మిగలలేదు. కాస్త ఎదిగాక పడవలమీద పనిచేసే మగవాళ్ళ మధ్య పడ్డాడు. ఆ వయసు పిల్లవాడు వినకూడని మాటలన్నీ అక్కడ విన్నాడు. చదవడం, రాయడం మాత్రం కొంత వచ్చింది. ఆ రోజుల్లో పల్లెటూరి కుర్రాడికి అది చిన్న విషయం కాదు. వచ్చిన చదువును దేనికి వాడుకున్నాడంటే, హత్యలు, అఘాయిత్యాలు రంగుల బొమ్మలతో అచ్చువేసే చౌకబారు పత్రికలు చదవడానికి. వాటిలోని బొమ్మలు తన గది గోడకు అంటించుకునేవాడు. ఈనాటి పిల్లవాడు అర్ధరాత్రి దుప్పటి కప్పుకుని ఫోనులో చూసేదానికీ దానికీ పెద్ద తేడా లేదు. అప్పుడు కనీసం గోడమీద కనిపించేది, ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసేది.

1899లో జొవాన్ని, అతని కొడుకు రోము నగరానికి దక్షిణాన లె ఫెర్రియెరె అనే చోట ఉన్నారు. అక్కడ ఒక ప్రభువుకు చెందిన పెద్ద ఎస్టేటు. ఆయన భూమిలో పనిచేసి, పండినదానిలో వాటా ఇచ్చి బ్రతకడం. అదే ఇంటిలో మరో కుటుంబం కూడా కాపురం పెట్టింది. లుయీజి గొరెట్టి, అతని భార్య అసుంత, వారి పిల్లలు. రెండు కుటుంబాలకూ వంటగది ఒకటే.

ఆ నేలంతా చిత్తడి, దోమల రాజ్యం. 1900లో లుయీజి మలేరియాతో చనిపోయాడు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మలేరియా దోమలద్వారా వ్యాపిస్తుందన్న రుజువు దొరికింది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో పనిచేస్తున్న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. ఆ తరువాత మూడేళ్ళకు కూడా ఆ కబురు లుయీజి లాంటి కూలి రైతుకు పనికిరాలేదు. రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చిన 1902వ సంవత్సరంలోనే లుయీజి కూతురు హత్యకు గురైంది.

భర్త పోయాక అసుంత పొలం పనికి దిగింది. ఇల్లు, వంట, చంటిపిల్లలు పెద్దకూతురు మరియా మీద పడ్డాయి. ఆ పిల్లకు అప్పటికి తొమ్మిదేళ్ళు. బడి ముఖం చూడలేదు. తన ఇంటివాళ్ళకే గాక జొవాన్నికీ, అలెస్సాండ్రోకూ కూడా వండిపెట్టేది, వాళ్ళ బట్టలు కుట్టేది. అలెస్సాండ్రో చూపు ఆమెమీద పడింది. రెండుసార్లు చెడ్డ మాట అన్నాడు. ఎవరికైనా చెబితే చంపుతానని బెదిరించాడు. తల్లికి ఇప్పటికే ఉన్న బాధలు చాలనుకుందో, భయపడిందో, ఆ పిల్ల నోరు విప్పలేదు.

1902 జూలై 5, శనివారం. కింద కళ్ళంలో నూర్పిడి జరుగుతోంది, అసుంత అక్కడ ఉంది. మేడమెట్ల దగ్గర మరియా అలెస్సాండ్రో చొక్కాకే కుట్టు వేస్తూ, చంటి చెల్లెలిని చూసుకుంటోంది. అతడు పని మధ్యలో పైకి వచ్చాడు, ఆమెను లోపలికి లాగాడు. ఆమె లొంగలేదు, అది పాపమని అతణ్ణి హెచ్చరించింది. మొనదేలిన ఇనుప పనిముట్టుతో అతడు ఆమెను పద్నాలుగుసార్లు పొడిచాడు. మరునాడు నెత్తూనో పట్టణపు ఆస్పత్రిలో, చివరి దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే ముందు, ఆ పిల్ల అతణ్ణి క్షమిస్తున్నానని చెప్పింది. అతడు కూడా తనతో మోక్షంలో ఉండాలని కోరుకుంది. ఆ మధ్యాహ్నమే ప్రాణం విడిచింది.

ఈ సందర్భంలో తల్లులకు ఒక్క మాట. మరియా ప్రాణం పోయింది గనుక పునీతురాలు, ప్రాణంతో బయటపడ్డ ఆడపిల్ల ఏదో కోల్పోయింది అని మన ఊళ్ళలో కొందరు అర్థం చేసుకుంటారు. అది శ్రీసభ బోధ కాదు. క్రీ.శ. 410లో రోము నగరం కొల్లగొట్టబడినప్పుడు చెరచబడిన స్త్రీల గురించి పునీత అగస్టీనువారు తన దేవుని నగరం గ్రంథంలో, మొదటి భాగంలోనే, విపులంగా రాశారు. శుద్ధత మనసుకు సంబంధించినది, బలాత్కారానికి గురైన స్త్రీమీద ఎలాంటి దోషమూ లేదు అన్నది ఆయన నిర్ణయం. పదహారు వందల ఏళ్ళ కిందటి ఈ సంగతిని ఇంకా చెప్పవలసి రావడం నాకు బాధగానే ఉంది.

ఇక అలెస్సాండ్రో సంగతికి వద్దాం. జనం అతణ్ణి అక్కడే చంపివేసేవారే. పోలీసులు పట్టుకుని తీసుకుపోయారు. ఇటలీలో 1889 నాటి శిక్షాస్మృతి మరణశిక్షను రద్దుచేసింది. పైగా అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండలేదు. కోర్టు 30 ఏళ్ళ జైలు వేసింది.

జనం చేతికి చిక్కితే ఏమయ్యేదో ఊహించుకోవడానికి మనం ఇటలీ దాకా పోనక్కరలేదు. 2019 నవంబరులో మన సైబరాబాద్ పోలీసు పరిధిలోనే, శంషాబాద్ దగ్గర, ఒక యువ పశువైద్యురాలిపై ఘోరం జరిగింది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వంతెనమీద నిలబడి పోలీసులమీద పూలు చల్లినవారిని టీవీలో చూశాం. మిఠాయిలు పంచుకున్నారు. 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక బయటికి వచ్చింది. పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ, ఆ నలుగురిలో ముగ్గురు పద్దెనిమిదేళ్ళు నిండనివారనీ ఆ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక వచ్చినరోజు వీధిలో ఎవరూ పూలు చల్లలేదు. ఆ బిడ్డ తల్లిదండ్రుల కడుపుకోత ముందు నేను వాదన పెట్టుకోను. వారి కోపం న్యాయమైనది. కాని పూలు చల్లింది వారు కాదు, మనం. ఆ కుర్రవాళ్ళు ఎలా పెరిగారు, ఎవరు పెంచారు అని అడిగేందుకు ఇక మనుషులే మిగలలేదు. అలెస్సాండ్రోను ఆ సాయంత్రమే చంపివేసి ఉంటే ఈ వ్యాసం కూడా ఉండేది కాదు.

అయితే తల్లి లేకపోవడం మనిషిని హంతకుణ్ణి చేస్తుందా? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు సీరియస్‌గానే తీసుకున్నారు. లండనులో జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడు 1944లో ఒక పరిశోధన ప్రచురించాడు. దొంగతనాలు చేసి పట్టుబడిన 44 మంది పిల్లలను పరిశీలించాడు. వారిలో 14 మందికి ఎవరిమీదా మమకారం లేదు, తప్పు చేశామన్న బాధ లేదు. ఆ 14 మందిలో 12 మంది పసితనంలో చాలాకాలం తల్లికి దూరమైనవారే. బౌల్బీకి ఈ విషయం పుస్తకంలో మాత్రమే తెలిసింది కాదు. సంపన్నుల ఇంటి బిడ్డ, ఆయాల చేతుల్లో పెరిగాడు. ఎంతో ఇష్టపడ్డ ఆయా అతనికి నాలుగేళ్ళప్పుడు వెళ్ళిపోయింది, ఆ తరువాత హాస్టలుకు పంపారు.

తరువాతివాళ్ళు ఆ మాటను సరిదిద్దారు. 1972లో మైకేల్ రట్టర్ అనే మరో వైద్యుడు, తల్లి దూరమవడం ఒక్కటే కీడు చేయదనీ, ఇంట్లో నిత్యం జరిగే కలహం, పిల్లవాడిని పట్టించుకునే మనిషి ఒక్కరైనా లేకపోవడం మరింత కీడు చేస్తాయనీ రాశాడు. నాకు ఇది నిజమనిపిస్తుంది. మన ఫిరంగిపురంలో, రెంటచింతలలో తల్లి చనిపోయిన బిడ్డలను మేనత్తలు, నాయనమ్మలు పెంచలేదా? అలా పెరిగినవారు గురువులయ్యారు, కన్యాస్త్రీలయ్యారు, టీచర్లయ్యారు. దెబ్బ తగిలిన పిల్లవాడిని ఆ తరువాత ఎవరు ఎత్తుకున్నారన్నదే ఎక్కువ పట్టించుకోవలసిన విషయం. అలెస్సాండ్రోను ఎత్తుకున్నవారు కనిపించరు. తండ్రి పక్కనే ఉన్నాడు, ఒకే కప్పు కింద. కాని ఆ ఉండడం గోడ ఉన్నట్టు ఉండడం.

ఇప్పుడు అదే ఇంట్లో రెండో గది చూడండి. మరియా కూడా తండ్రిని పోగొట్టుకుంది. అదే మలేరియా నేల, అదే పేదరికం, అదే చాకిరీ. అతనికి చదువు వచ్చు, ఆమెకు అదీ లేదు. లెక్కవేస్తే ఆమె నష్టమే ఎక్కువేమో. ఆమెకు ఉన్నదల్లా తల్లి అసుంత. ఈ అసుంత ఎవరు? ఆమె స్వయంగా అనాథ! కన్నతల్లి, తండ్రి పెంపకం ఎరుగని బిడ్డ. అక్షరం రాదు. అలాంటి స్త్రీ తన పిల్లలకు జపమాల నేర్పింది, వారిని దగ్గరికి తీసుకుంది, తనకు దొరకనిది వారికి పెట్టింది. కాబట్టి ఒకే వంటగదిలో తల్లిలేని బిడ్డలు ఇద్దరు ఉన్నారు, అసుంత, అలెస్సాండ్రో. ఒకరు పునీతురాలిని పెంచారు, ఒకరు ఆ పునీతురాలిని చంపారు. ఈ తేడాకు పూర్తి కారణం ఏ మనోవైద్యుడూ చెప్పలేడు. సెమినరీలో ఇలాంటి ప్రశ్నలతో నెలలకు నెలలు కుస్తీపట్టాం, నేనూ చెప్పలేను.

తత్వశాస్త్రంలో మాకు నేర్పినది ఇంతవరకు మాత్రం ఉంది. అక్వినాసు తోమాసువారి ప్రకారం ఆవేశం మనిషి స్వేచ్ఛను తగ్గిస్తుంది, కాని చాలామట్టుకు తుడిచివేయదు. 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా భయం, అలవాటు, మానసిక, సామాజిక కారణాలు ఒకరి బాధ్యతను తగ్గించవచ్చని, ఒక్కోసారి పూర్తిగా తొలగించవచ్చని చెబుతోంది. అలెస్సాండ్రో విషయంలో తగ్గిందని నేను అనుకుంటాను, తొలగిపోయిందని అనుకోను. రెండుసార్లు బెదిరించాడు, ఆయుధం ముందే సిద్ధం చేసుకున్నాడు. అతని బాల్యం తెలుసుకున్నాక నాకు జాలి కలిగింది. ఆ జాలితో మరియా గాయాలు ఒక్కటి కూడా తగ్గవు.

జైలులో మొదటి ఏళ్ళు అతడు రాయిలా ఉన్నాడు. పశ్చాత్తాపం లేదు. సిసిలీ ద్వీపంలోని నోతో జైలుకు పంపారు. అక్కడ ఒక రాత్రి కల వచ్చింది. తోటలో తెల్లని దుస్తులతో మరియా, లిల్లీ పూలు కోసి అతని చేతికి అందిస్తోంది. నోతో పీఠాధిపతులు బ్లాందీని మేత్రాణులవారు జైలుకు వచ్చి అతనితో మాట్లాడారు. ఆ కల దైవకార్యమా, మనసు చేసిన పనా అని వాదించుకునేవారు వాదించుకోవచ్చు. నన్ను ఆపేది మరొకటి. పుట్టిన తరువాత ఆ మనిషికి ఒక స్త్రీ చేతినుంచి ప్రేమతో ఏదైనా అందడం, జ్ఞాపకం ఉన్నంతలో, బహుశా మరియా వండిపెట్టిన అన్నమే. ఆమెనే చంపాడు. తిరిగి ఆమె చేతినుంచే కలలో పూలు అందుకున్నాడు. ఆ తరువాత అతని ప్రవర్తన మారింది. 27 ఏళ్ళు గడిచాక, మంచి నడవడికకు మూడేళ్ళు తగ్గించి, 1929లో విడిచిపెట్టారు.

బయటికి వచ్చినవాడికి నలభై ఏడేళ్ళు. ఎవరు పని ఇస్తారు? ఎవరు ఇల్లు అద్దెకిస్తారు? మన కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో కులం, మతం, మాంసం తినడం అడిగి ఇల్లు ఇచ్చేవారున్నారు, జైలునుంచి వచ్చినవాడి సంగతి మీరే ఆలోచించండి. ఆ ఊరూ ఈ ఊరూ కూలిచేసి తిరిగాడు.

కొన్నేళ్ళ తరువాత ఒక క్రిస్మస్ వేళ కొరినాల్దో అనే ఊరికి వెళ్ళాడు. గొరెట్టివారి సొంత ఊరు. అసుంత ఆ ఊరి విచారణ గురువు ఇంట్లో పనిచేస్తోంది. పిల్లలను తన దగ్గర పెట్టుకుని సాకలేక, మరియా పోయాక ఆమె ఊరు చేరింది. అలెస్సాండ్రో తలుపు తట్టాడు. ఆమె ఎదుట మోకరించి క్షమించమని అడిగాడు. దేవుడు క్షమించాడు, నా బిడ్డ క్షమించింది, ఇక నేనెవరిని క్షమించకపోవడానికి అన్న అర్థం వచ్చేట్టు ఆమె జవాబు చెప్పింది. పండుగ దివ్యబలిపూజలో ఇద్దరూ పక్కపక్కన దివ్యసత్ప్రసాదం తీసుకున్నారు. ఆ ఊరి జనం ఆ దృశ్యాన్ని చూస్తూ ఏమనుకున్నారో! అనాథగా పెరిగిన స్త్రీ, తల్లిలేక పెరిగిన పురుషుడు, మధ్యలో ఒక చచ్చిపోయిన బిడ్డ.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ సంఘటన చూపించి, బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లినీ ఎవరూ ఒత్తిడి చేయకూడదు. అసుంతను ఎవరూ ఒత్తిడి చేయలేదు. అతడు 27 ఏళ్ళు శిక్ష అనుభవించాకే వచ్చాడు. పిల్లలమీద ఎవరైనా చెయ్యి వేసినట్టు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం మన విధి. క్షమాపణ పేరుతో ఇంట్లోనో, విచారణలోనో దాచిపెట్టడం నేరం, పాపం కూడా. మరియా రెండుసార్లు బెదిరింపు విని మౌనంగా ఉండిపోయింది. మీ పిల్లలు మీకు చెప్పగలిగేంత చనువు మీ ఇంట్లో ఉందా? రాత్రి షిఫ్టు చేసివచ్చి పగలు నిద్రపోయే తల్లిదండ్రులను నేను నిందించడం లేదు. ఈఎంఐలు ఎవరు కడతారో నాకు తెలుసు. మాదాపూర్‌లో అద్దాల మేడలు కట్టడానికి పాలమూరునుంచి, ఒడిశానుంచి వచ్చి, పిల్లలను ఇసుక కుప్పల దగ్గర వదిలి పనికెక్కే తల్లులకూ వేరే దారి లేదు. అయినా పిల్లవాడు సాయంత్రం ఇంటికి వచ్చి, ఈరోజు ఇలా జరిగింది అని చెప్పేందుకు ఒక మనిషి ఉండాలి. అమ్మమ్మో, పక్కింటి అత్తో, ఉపదేశిగారో. బౌల్బీ, రట్టర్ చెప్పినదంతా తిప్పి తిప్పి చూస్తే నాకు అక్కడికే వస్తుంది.

అలెస్సాండ్రో తరువాత కపుచిన్ మఠవాసుల దగ్గర చేరాడు. ముందు అస్కోలి పిచేనో మఠంలో, తరువాత మచెరాతాలో. తోటపని, ద్వారం దగ్గర వచ్చినవారిని పలకరించే పని. ఫ్రాన్సిస్కన్ మూడవ సభలో సభ్యుడయ్యాడు. మరియాకు పునీత పట్టం ఇచ్చే విచారణ జరిగినప్పుడు అతడు సాక్ష్యం చెప్పాడు. ఆ గదిలో జరిగినదానికి ప్రాణాలతో ఉన్న ప్రత్యక్షసాక్షి అతడొక్కడే కదా! ఆమె ఎలా ఎదిరించిందో, ఏమి హెచ్చరించిందో హంతకుడే నిర్ధారించాడు. 1947లో ఆమె ధన్యురాలిగా, 1950 జూన్ 24న పునీతురాలిగా ప్రకటించబడింది. జనం పట్టక ఆ ప్రకటన పునీత పేతురు దేవాలయం వెలుపలి ఆవరణలో జరిగింది. 12వ పయస్ పోపుగారు పట్టం ప్రకటిస్తుండగా ముసలి అసుంత చూసింది. కన్నబిడ్డకు పునీత పట్టం ఇస్తుంటే కళ్ళారా చూసిన తల్లి ఆమె. 1954లో కన్నుమూసింది.

1961లో, తన డెబ్బై తొమ్మిదవ ఏట, అలెస్సాండ్రో ఒక లేఖ రాసి ఉంచాడు. తన యవ్వనంలో తప్పుదారి తానే ఎంచుకున్నానని, చెడ్డ పత్రికలు, చెడ్డ సావాసాలు తనను ఆ దారిన నెట్టాయని, మరియా తనకు దారిచూపిన వెలుగు అని అందులో ఉంది. తల్లి లేదని ఆ లేఖలో సాకు చెప్పలేదు, తండ్రి తాగుబోతని ఫిర్యాదు చేయలేదు. అతని తరపున ఆ మాటలు మనమే చెప్పుకోవాలి. తాను చెప్పకపోవడం అతనికి గౌరవం. అతని బాల్యం సంగతి మనం మరచిపోతే మాత్రం మనకు గౌరవం కాదు.

1970 మే 6న మచెరాతా మఠంలో చనిపోయాడు. చాలా ఏళ్ళ తరువాత అతని అవశేషాలను అక్కడినుంచి కొరినాల్దోకు తెచ్చి, మరియా పుణ్యక్షేత్రంలో, అసుంత సమాధి ఉన్న గుడిలోనే ఉంచారు.